ట్రంకు పెట్టెలో పింగాణీ బొమ్మ
సందేహాలు - సమాధానాలు

ఇల్లు సర్దుతుంటే అటక మీంచి పాత పెట్టె దిగడం, అందులోంచి గాజుకళ్ళ పింగాణీ బొమ్మ ఒకటి బయటపడటం, ఆ వెంటే ఇంటిల్లిపాదికీ వంద అనుమానాలు రావడం మామూలే. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ అలాంటి బొమ్మల గురించే. అందరికీ ముందుగా ఒక్క మాట: మీ అనుమానం తీరేదాకా బొమ్మను కడగొద్దు, అతికించొద్దు, అమ్మొద్దు.

మా అమ్మమ్మ వాళ్ళ నాన్నగారు రంగూన్‌లో గుమాస్తాగా చేసేవారు. యుద్ధం రోజుల్లో తిరిగొస్తూ తెచ్చుకున్న కొద్ది సామానులో ఈ బొమ్మ ఉందట. అమ్మమ్మ పోయాక నా దగ్గరికి చేరింది. మెడ వెనక ‘ఆర్మాండ్ మార్సేల్, జర్మనీ, 390, ఏ 4 ఎం’ అని ఉంది. ఇలాంటివి కోట్లు పలుకుతాయని మా బావగారు అంటున్నారు. అప్పట్నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు. దొంగల భయం ఒకటి, అక్కచెల్లెళ్ళు నన్ను అనుమానిస్తారేమోనన్న దిగులు ఇంకొకటి.
— ఒక సోదరి, కాకినాడ

హాయిగా నిద్రపోండమ్మా. మెడ వెనక రాత అంత స్పష్టంగా ఉండటం మీ అదృష్టం. ఇలాంటి బొమ్మ పుట్టుపూర్వోత్తరాలు చాలావరకు అక్కడే దొరుకుతాయి. ఆర్మాండ్ మార్సేల్ జర్మనీలోని తురింగియా ప్రాంతంలో కోపెల్స్‌డోర్ఫ్ అనే ఊళ్ళో పింగాణీ ఫ్యాక్టరీ నడిపిన వ్యాపారి. 390 అన్నది ఆ ముఖం అచ్చు నంబరు, ఏ, ఎం అక్షరాల మధ్య ఉన్న 4 తల సైజు. ‘జర్మనీ’ అన్న మాట ఉంది కాబట్టి బొమ్మ 1891 తర్వాతిది అనుకోవచ్చు. మెకిన్లీ సుంకం చట్టం వచ్చాక, ఆ ఏడాది నుంచి అమెరికాలో దిగే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండి తీరాల్సి వచ్చింది. అక్కడికి బొమ్మలు పంపే జర్మన్ ఫ్యాక్టరీలు తలల మీద దేశం పేరు వేయడం అలా మొదలైంది. ఈ 390 ముఖం మాత్రం 1900 ప్రాంతం నుంచి ఏళ్ళ తరబడి లెక్కకు మిక్కిలిగా తయారైంది.

ధర మాటకొస్తే, పాత బొమ్మలు అమ్మే ఏ దేశంలోనైనా 390 తరచుగా కనిపిస్తుంది కాబట్టి పగుళ్ళు లేకుండా బాగున్నా దాని విలువ వేలల్లోనే ఉంటుంది, లక్షల్లోకి పోదు. మీ బావగారు విన్న పెద్ద అంకె అబద్ధం కాదు. అయితే అది వేరే బొమ్మ సంగతి, కింద ఇంకో ఉత్తరంలో చెబుతాను. అక్కచెల్లెళ్ళ విషయానికి, ఈ రాతను ఫోటో తీసి అందరికీ పంపేయండి. దాపరికం లేని చోట అనుమానానికి తావుండదు.

బొమ్మ ముఖం నున్నగా ఉంది గానీ మెరుపు లేదు. పింగాణీ అయితే మెరవాలి కదా? వేడి సూదితో గుచ్చితే ప్లాస్టిక్కో కాదో తేలుతుందని ఒకరు చెప్పారు. గుచ్చమంటారా?
— ఒక పాఠకుడు, ఏలూరు

దయచేసి గుచ్చకండి. పాత బొమ్మల్లో సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో చేసినవీ ఉంటాయి, దానికి వేడి తగిలితే భగ్గున అంటుకుంటుంది. ఇక మెరుపు లేకపోవడం లోపం కాదు. పైన గాజుపూత వేయకుండా కాల్చిన పింగాణీని బిస్క్ అంటారు, మనిషి చర్మంలా కనబడాలనే అలా చేసేవారు. బొమ్మ బుగ్గను మీ బుగ్గకు ఆనించి చూడండి. పింగాణీ అయితే చల్లగా తగిలి, వేడెక్కడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ప్లాస్టిక్ అంత చల్లగా ఉండదు.

మా పాప ఆడుకుంటుంటే బొమ్మ మంచం మీంచి జారింది. తల పగల్లేదు గానీ చెవి దగ్గర వెంట్రుకంత సన్నటి గీత కనబడుతోంది. అది ముందే ఉందో, ఇప్పుడే పడిందో తెలియడం లేదు. పాపను కొట్టాను కూడా. మా అత్తగారికి ఇంకా చెప్పలేదు.
— ఒక తల్లి, విజయవాడ

ముందు పాపను దగ్గరకు తీసుకోండి. పింగాణీ తల మీద గీతలన్నీ పగుళ్ళు కావు, పగుళ్ళన్నీ నిన్న మొన్న పడ్డవీ కావు. పరుపు మీద మెత్తటి తువ్వాలు పరిచి, బొమ్మను బోర్లా పడుకోబెట్టండి. జుట్టు చాలావరకు ఒక పలచటి గుల్ల మీద అతికించి ఉంటుంది, అట్టతోనో ప్లాస్టర్‌తోనో చేసిన ఆ గుల్ల తల పైభాగానికి మూతలా ఉంటుంది. అది వదులుగా ఉంటేనే మెల్లగా ఎత్తండి, పట్టేసి ఉంటే వదిలేయండి. గదిలో దీపాలు ఆర్పి, చిన్న టార్చిని తల లోపలికి చూపించండి. ముఖమంతా లోపలి వెలుగుతో గులాబి రంగులో కనబడుతుంది. అసలైన పగులు ఉంటే ఆ వెలుగులో లోపలా బయటా ఒకే చోట గీతలా తేలుతుంది. ఒక పక్కనే కనబడి, రెండో పక్కకు దిగని గీత చాలాసార్లు బట్టీలో కాల్చేటప్పుడే పడ్డది. అది పుట్టుమచ్చ లాంటిదే, దానివల్ల పెద్ద నష్టం లేదు. బుగ్గల మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనబడినా కంగారు పడకండి, అవీ బట్టీలో పడినవే.

పగులే అయి, గీత నల్లబడి ఉంటే లోపల ఏళ్ళనాటి మురికి చేరిందన్నమాట. ఆ పాపం మీ పాపది కాదు. గీత తెల్లగా, తాజాగా ఉంటే మాత్రం బొమ్మను కదపకుండా మెత్తటి గుడ్డలో పెట్టేయండి. ఇంట్లో ఉండే జిగురుతో అతికించొద్దు. దాన్ని తర్వాత తీయడం పగులును బాగు చేయడం కన్నా కష్టం. ముఖం మధ్యలో పగులు పడితే అమ్మకపు విలువ సగానికి పైగా పడిపోవచ్చు. చెవి వెనకో, జుట్టు కిందో ఉన్నదానికి అంత దెబ్బ తగలదు. మీ అత్తగారికి ఈ రోజే చెప్పండి. గీత చెవి దగ్గరే ఉందని కూడా చెప్పండి.

మా బొమ్మ పడుకోబెడితే కళ్ళు మూసేది, లేపితే తెరిచేది. నిన్న దుమ్ము దులుపుతుంటే కళ్ళు రెండూ లోపలికి పడిపోయాయి. ఇప్పుడు కళ్ళున్నచోట రెండు కన్నాలు, ఊపితే లోపల ఏదో గలగలమంటోంది. చూస్తే ఏడుపొస్తోంది.
— ఒక పాఠకురాలు, నెల్లూరు

చూడటానికి భయంకరంగా ఉంటుంది గానీ, ఈ ఉత్తరాలన్నిటిలోకీ సులువుగా బాగయ్యేది మీదే. రెండు గాజుకళ్ళనూ ఒక తీగతో కలిపి, కింద సీసపు బరువు వేలాడదీసి, తల లోపల ప్లాస్టర్‌తో నిలిపి ఉంచుతారు. వందేళ్ళకు ఆ ప్లాస్టర్ ఎండి ఊడిపోవడం సహజం, దులపడంలో మీ తప్పేమీ లేదు. ఇక ఊపకండి, లోపల దొర్లే సీసపు గుండు గాజును, పింగాణీని పగలగొట్టగలదు. తలలో మెత్తటి గుడ్డముక్క కుక్కి, బొమ్మను బోర్లా ఉంచి, పాత బొమ్మలు బాగుచేసేవారికి ఇవ్వండి. కొత్త కళ్ళు వేస్తామంటే ఒప్పుకోకండి, పాత కళ్ళనే తిరిగి బిగించమనండి.

బొమ్మ కళ్ళు ఎటు తిరిగితే అటు చూస్తున్నట్టున్నాయి. ఇది ఇంట్లో ఉంటే అరిష్టమని పక్కింటావిడ అన్నది. అప్పట్నుంచి రాత్రిళ్ళు ఆ గదిలోకి వెళ్ళలేకపోతున్నాను. నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.
— పేరు వద్దన్న పాఠకురాలు, వరంగల్

సిగ్గు పడాల్సింది ఏమీ లేదమ్మా, చాలామందికి అలాగే అనిపిస్తుంది. కారణం ఆ కళ్ళు చేసిన తీరులోనే ఉంది. తురింగియాలోని లౌషా అనే ఊరివాళ్ళు గాజు ఊదడంలో ఆరితేరినవాళ్ళు. కళ్ళు పోయిన మనుషులకు పెట్టుడు కళ్ళు చేసిన ఊరు కూడా అదే. ఫ్రెంచి బొమ్మలకైతే కంటిపాప మీద మందంగా తేట గాజు వేసేవారు. పాప ఆ గాజు లోతులో ఉంటుంది కాబట్టి మనం ఎటు జరిగితే అటు తిరిగినట్టే ఉంటుంది. ఒక పసిపాప దాంతో ఆడుకోవాలని ఎవరో కష్టపడి చేసిన కళ్ళవి, అందులో చెడు ఏమీ లేదు. అయినా మనసు ఒప్పకపోతే పగటిపూట గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేయండి. నిద్ర పాడుచేసుకుని దాన్ని ఎదురుగా ఉంచుకోవాలన్న నియమం ఏమీ లేదు.

కే, ఆర్ అక్షరాల మధ్య నక్షత్రం, దాని కింద ‘సైమన్ అండ్ హాల్బిగ్’ అని, 46 అని ఉంది. అంటే 1946లో చేసిందేనా? మా తాతగారు 1920ల్లోనే కొన్నానని చెప్పేవారు. ఆయన మాట అబద్ధమని నమ్మలేకపోతున్నాను.
— ఒక మనవడు, విశాఖపట్నం

మీ తాతగారి మాట నమ్మండి. ఆ 46 సంవత్సరం కాదు, సెంటీమీటర్లు. కే, ఆర్ అంటే కామర్ అండ్ రైన్‌హార్ట్, 1886లో వాల్టర్స్‌హౌజెన్‌లో మొదలైన కంపెనీ. తలలు ఎక్కువగా సైమన్ అండ్ హాల్బిగ్ ఫ్యాక్టరీలో పోయించుకుని, ఒళ్ళు తాము అమర్చేవారు. అందుకే ఒకే మెడ మీద ఇద్దరి పేర్లు. ఇప్పుడు టైలరు టేపు తీసుకుని, బొమ్మను నడినెత్తి నుంచి మడమ దాకా కొలవండి. 46కి దగ్గరగా వస్తే ఆ తలకు ఆ ఒళ్ళు మొదటినుంచీ ఉన్నదే అనడానికి మంచి సూచన. బాగా తక్కువొస్తేనో, ఎక్కువొస్తేనో మధ్యలో ఎప్పుడో ఒళ్ళు మార్చి ఉండొచ్చు.

కాకినాడ సోదరి బావగారు విన్న కోట్ల కథ కూడా ఈ కంపెనీదే. అంతవరకు బొమ్మలంటే పెద్ద కళ్ళు, బూరె బుగ్గలు, అన్నీ ఒకేలా ఉండే ముఖాలు. 1909 నుంచి ఈ కంపెనీ నిజం పిల్లల పోలికలతో, ముభావంగా, అలిగినట్టు, ఆలోచిస్తున్నట్టు ఉండే ముఖాలు చేసి, 100తో మొదలుపెట్టి అచ్చు నంబర్లు ఇచ్చింది. 101 పీటర్, మేరీ. 114 హన్స్, గ్రెట్చెన్. పిల్లలకు ఆ ముఖాలు అంతగా నచ్చలేదు, అందుకే కొన్ని అచ్చులు తక్కువగా తయారయ్యాయి, అవే ఇప్పుడు అరుదై కూర్చున్నాయి. ఎంతో అరుదైన 108 నంబరు బొమ్మ ఒకటి 2014లో లండన్‌లో బోనమ్స్ వేలంలో 2,42,500 పౌండ్లు పలికింది. మీ తలమీద అలాంటి మూడంకెల అచ్చు నంబరు లేదు, కాబట్టి మీది అందమైన మామూలు ముఖం. మార్సేల్ 390 కన్నా కాస్త మెరుగైన ధరే వస్తుంది గానీ ఆ వేలంతో పోల్చుకోవద్దు. మీరు కాకపోయినా ఈ పేజీ చదివేవారెవరి దగ్గరైనా 101, 107, 109, 114, 117 లాంటి అంకె కనబడితే మాత్రం ఎవరికీ ఇవ్వకముందే నిపుణులకు చూపించండి.

మాది యానాం. ఫ్రెంచివాళ్ళ కాలంలో మా తాతమ్మకు ఎవరో దొరసాని ఇచ్చిన బొమ్మ ఉంది. ‘ఎస్.ఎఫ్.బి.జె. 60 పారిస్’ అని గుర్తు. ఒక వ్యాపారి చూసి ‘జుమో అయితే కొనేవాణ్ణి, ఇది నకిలీ’ అని వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళూ నకిలీ వస్తువును దాచుకున్నామా?
— ఒక పాఠకురాలు, యానాం

కాదమ్మా, మీది అసలైన ఫ్రెంచి బొమ్మే. పారిస్ దగ్గర మోంత్రయ్‌లో ఫ్యాక్టరీ ఉన్న జుమో, అలాగే బ్రూ, ఇంకా కొన్ని పేరున్న కంపెనీలు చవకైన జర్మన్ బొమ్మల పోటీకి తట్టుకోలేక 1899లో ఒక్కటయ్యాయి. ఆ ఉమ్మడి సంస్థ పొడి అక్షరాలే ఎస్.ఎఫ్.బి.జె. 60 వాళ్ళు బాగా ఎక్కువగా చేసిన అచ్చు కాబట్టి, 1880ల నాటి జుమోకు వచ్చే ధర దీనికి రాదు. వ్యాపారి చెప్పదలచుకుంది బహుశా అదే, నకిలీ అన్న మాట మాత్రం తప్పు.

మెడ మీద ‘నిప్పాన్’ అని ఉంది. ముఖం చూస్తే జర్మన్ బొమ్మలాగే ఉంది. మమ్మల్ని ఎవరైనా మోసం చేశారా?
— ఒక పాఠకుడు, గుంటూరు

మోసం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుంచి ఎగుమతులు ఆగిపోతే, ఆ లోటు తీర్చడానికి జపాన్‌లో మోరిమురా బ్రదర్స్ లాంటివాళ్ళు జర్మన్ ముఖాల పోలికతో బొమ్మలు చేశారు. 1921 తర్వాత అమెరికా నియమం మారి ‘నిప్పాన్’ బదులు ‘జపాన్’ అని వేయాల్సి వచ్చింది కాబట్టి, మీ బొమ్మ ఏ కాలానిదో ఆ ఒక్క మాటే చెబుతోంది. ధర కొంచెం తక్కువ, కథ మాత్రం బాగుంది.

మా బొమ్మ మీద ఏ గుర్తూ లేదు. తల నిగనిగలాడుతుంది, జుట్టు కూడా విగ్గు కాదు, నల్లటి రంగుతో వేసిందే. ఒళ్ళు గుడ్డది. గుర్తు లేకపోతే విలువ లేనట్టేనా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

అలా ఏమీ లేదు, ఆ రకం బొమ్మల్లో గుర్తు లేకపోవడమే ఎక్కువ. గాజుపూత వేసిన ఈ తలలు 1840ల నుంచి జర్మనీలో తయారయ్యాయి. భుజాల దాకా ఒకే ముక్కగా ఉండి, అంచున ఉన్న కన్నాల్లోంచి గుడ్డ ఒంటికి కుడతారు. గుర్తు కోసం ఒకసారి ఆ భుజం పలక లోపల, వెనక చూడండి. వయసు మాత్రం జుట్టు చెబుతుంది. నడి పాపిడి తీసి చెవుల మీదుగా దువ్వి ఉంటే పాతకాలం. నుదురు సగం కప్పేలా ఉంగరాలు తిరిగి ఉంటే సాధారణంగా 1890ల తర్వాతిది, అలాంటివి చాలా దొరుకుతాయి.

అమెరికాలో మా పక్కింటి పెద్దావిడ పోతూ పోతూ మా అమ్మాయికి ఒక బొమ్మ రాసిచ్చింది. జుమో గుర్తు ఉంది, కానీ మెడ లోపల ఒక ఆడమనిషి పేరు, 1982 అని కూడా ఉంది. ఆవిడ మమ్మల్ని మోసం చేసిందని అనుకోలేం. అసలు సంగతేమిటి?
— ఒక తెలుగు కుటుంబం, డల్లాస్

ఆవిడ గురించి మీరు అనుకున్నదే నిజం, మోసం లేదు. 1970లు, 80లలో అమెరికాలో ఎంతోమంది గృహిణులు పాత బొమ్మల అచ్చులు తీసుకుని ఇంట్లోనే పింగాణీ పోసి, రంగులు వేసి, కాల్చి, తమ పేరు, సంవత్సరం చెక్కుకునేవారు. ఆ పేరు ఆవిడదే అయినా ఆశ్చర్యం లేదు. పాత తల నుంచి అచ్చు తీసి మళ్ళీ కాలిస్తే పింగాణీ కుంచించుకుపోతుంది, అందుకే ఇలాంటి తలలు అసలువాటి కన్నా చిన్నవిగా, మరీ నున్నగా ఉంటాయి. వందేళ్ళనాటి బొమ్మ ధర రాదు. కానీ పేరు చెరిపి అసలుదని అమ్మితే మాత్రం అది మోసమవుతుంది, ఆ పేరును అలాగే ఉండనివ్వండి.

పట్టు గౌను ముట్టుకుంటే నిలువునా చీలికలై రాలిపోతోంది. సబ్బునీళ్ళలో జాడించి, కొత్త గౌను కుట్టిద్దామనుకుంటున్నాను. తప్పు చేస్తున్నానేమోనని ఆగాను.
— ఒక పాఠకురాలు, విజయనగరం

ఆగి చాలా మంచి పని చేశారు. ఆ కాలంలో పట్టు బరువుగా, గరగరలాడేలా ఉండాలని తగరం లాంటి లోహ లవణాలు పట్టించేవారు, అవే కాలక్రమంలో దారాన్ని తినేస్తాయి. అంటే అది మీ నిర్లక్ష్యం కాదు, నీళ్ళు తగిలితే మాత్రం ఉన్నది కూడా పోతుంది. చిరిగినా సరే మొదటి బట్టలు, బూట్లు, టోపీ బొమ్మ విలువలో భాగమే. ఆమ్లం లేని తెల్ల కాగితంలో పరిచి విడిగా దాచండి. కొత్త గౌను కుట్టించుకోండి, ముచ్చటగా తొడగండి, పాతది మాత్రం పారేయొద్దు.

మా ఊరు సముద్రం పక్కన. బొమ్మ కాళ్ళూ చేతుల మీద రంగు పొలుసులుగా లేస్తోంది, తోలు తొడల దగ్గర సన్నటి పొట్టు రాలుతోంది. పురుగు పట్టిందేమోనని పెట్టె నిండా కలరా ఉండలు వేశాను.
— ఒక పాఠకుడు, మచిలీపట్నం

రాలేది చాలామటుకు పురుగు పొట్టు కాదు, లోపల కూరిన రంపపు పొట్టే. మేకపిల్ల తోలుతో కుట్టిన ఒంట్లో అది నింపేవారు, కుట్టు వదిలితే కారుతుంది. కీళ్ళున్న చేతులూ కాళ్ళూ చెక్కపొడి, జిగురు, కాగితపు గుజ్జు కలిపి చేసినవి కాబట్టి తేమకు పొంగి రంగు లేస్తుంది. కలరా ఉండలు ఈ రోజే తీసేయండి. వాటి ఆవిరి సెల్యులాయిడ్‌కు, రంగులకు మంచిది కాదు, ఇంట్లో పిల్లలకూ మంచిది కాదు. బొమ్మను పాత నూలు చీరలో వదులుగా చుట్టి, గాలాడే బీరువాలో, గోడకు ఆనకుండా పెట్టండి. పక్కన తేమ పీల్చే సిలికా పొట్లాలు రెండు వేస్తే చాలు. బొమ్మ ఒంటి మీద గుండ్రటి చిన్న కన్నాలు, రాలిన పొట్టులో కదిలే పురుగులు కనబడితేనే కంగారు పడాలి. అప్పుడు బొమ్మను మిగతా సామానుకు దూరంగా, ఒక సంచిలో విడిగా ఉంచి నిపుణులకు చూపించండి.

సంక్రాంతి బొమ్మల కొలువులో మా నాయనమ్మ ఈ దొరసాని బొమ్మను కొండపల్లి బొమ్మల పక్కనే పెట్టేది. ఇప్పుడు ఖరీదైనదని తెలిశాక పెట్టాలంటే భయమేస్తోంది. మానేయాలా?
— ఒక పాఠకురాలు, తెనాలి

మానేయొద్దు. ఇన్ని పండగలు చూసిన బొమ్మ ఇంకొన్ని చూడగలదు. పై మెట్టు మీద కాకుండా వెడల్పాటి కింది మెట్టు మీద, వెనక ఆసరా ఇచ్చి నిలబెట్టండి. దీపానికి, అగరొత్తులకు దూరంగా ఉంచండి, జుట్టు మేకవెంట్రుకదో మనిషిదో అయి ఉంటుంది, ఇట్టే అంటుకుంటుంది. పసుపు, కుంకుమ బొమ్మకు కాకుండా ముందున్న పళ్ళెంలో పెట్టండి, అవి గుడ్డకూ తోలుకూ అంటితే వదలవు. ముఖం మీద దుమ్ముంటే తడి దూదిని గట్టిగా పిండి, ముందు మెడ వెనక రుద్ది చూడండి. రంగు రాకపోతే ముఖం తుడవొచ్చు, వస్తే అది కాల్చని రంగు, ఇక నీళ్ళు తగలనివ్వొద్దు.

ఒకాయన ఇంటికొచ్చి బొమ్మ చూసి, ఇరవై వేలు ఇప్పుడే ఇస్తానన్నాడు. రేపటికైతే పదిహేనేనట. మాకు డబ్బు అవసరం ఉంది. ఇచ్చేయమంటారా?
— ఒక పాఠకుడు, సికింద్రాబాద్

అవసరం ఉన్నప్పుడే ఆగాలి, అది కష్టమని నాకూ తెలుసు. వందేళ్ళు ఆగిన బొమ్మ ధర ఒక్క రాత్రిలో ఐదు వేలు పడదు. ఆ మాట మిమ్మల్ని తొందరపెట్టడానికే. ఇరవై వేలు అన్యాయం అని కూడా నేను చూడకుండా అనలేను. మీది మామూలు జర్మన్ ముఖమైతే అది మంచి బేరమే కావచ్చు, అరుదైనదైతే మాత్రం చాలా తక్కువ.

తేల్చుకోవడానికి కావాల్సింది ఫోటోలు. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, నిండు బొమ్మను ముందూ వెనకా తీయండి. ముఖం దగ్గరగా, తెరిచిన నోట్లో పళ్ళు కనబడేలా, వేళ్ళు, పాదాలు, బట్టల లోపలి కుట్టు తీయండి. అన్నిటికన్నా ముఖ్యం మెడ వెనక రాత. అది సరిగా పడకపోతే దాని మీద పలచటి కాగితం పెట్టి పెన్సిలుతో మెల్లగా రుద్దండి, అక్షరాలు తేలతాయి. ఇవన్నీ పాత బొమ్మల వేలాలు జరిపే సంస్థలకు పంపితే అంచనా చెబుతారు. అమెరికాలో థెరియోస్ వంటివి బొమ్మల వేలాలకే పేరుపడ్డాయి. ఇంటర్నెట్‌లో చూసేటప్పుడు అమ్మేవాళ్ళు పెట్టుకున్న ధరలు కాకుండా, అమ్ముడుపోయిన ధరలు చూడండి. రెండిటికీ ఒక్కోసారి పొంతనే ఉండదు. బీమా కోసం రాసిచ్చే విలువ అలాంటిదే ఇంకోటి కొనడానికి ఎంత అవుతుందో చెబుతుంది, మీ చేతికి వచ్చేది అందులో సగం కూడా ఉండకపోవచ్చు. ఇంకో జాగ్రత్త: బొమ్మకు విలువ కట్టేవారు, కొనేవారు ఒకరే కాకుండా చూసుకోండి.

బొమ్మ వయసు వందేళ్ళు దాటిందని తేలింది. రిజిస్ట్రేషన్ లేకుండా ఇంట్లో ఉంచుకోవడం నేరమని మా తమ్ముడు భయపెడుతున్నాడు. మా అమ్మాయి దాన్ని అమెరికా తీసుకెళ్తానంటోంది.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు, నిశ్చింతగా ఉండండి. పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972లో వచ్చింది. దాని కింద ప్రభుత్వం నోటిఫై చేసిన శిల్పాలు, చిత్రాల వంటి కొన్ని రకాలకే రిజిస్ట్రేషన్ కావాలి. జాగ్రత్త పడాల్సింది దేశం దాటించేటప్పుడు. వందేళ్ళు నిండిన కళా, హస్తకళా వస్తువులు ఆ చట్టం కింద పురావస్తువులు కావచ్చు, పురావస్తువులను మామూలు మనుషులు ఎగుమతి చేయకూడదు. కాబట్టి సూట్‌కేసులో పెట్టకముందే ఫోటోలతో భారత పురావస్తు శాఖను అడిగి, ఇది ఆ కోవలోకి రాదని వాళ్ళు రాతపూర్వకంగా ఇస్తేనే పంపండి.

నాకు ఎనభై దాటాయి. పిల్లలెవరికీ దీని మీద ఆసక్తి లేదు. నా తర్వాత చెత్తబుట్టలో పడుతుందేమోనని బెంగ. మ్యూజియంవాళ్ళు తీసుకుంటారా?
— ఒక పెద్దావిడ, భీమవరం

మీ బెంగ నాకు అర్థమైందమ్మా. ఢిల్లీలో కార్టూనిస్టు శంకర్ పిళ్ళై 1965లో నెలకొల్పిన అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం ఉంది. కానీ ఏ మ్యూజియమూ వచ్చిన ప్రతి బొమ్మనూ తీసుకోలేదు, ఉన్నవాటిలో లేనిదా, పగుళ్ళు లేకుండా ఉందా అని చూస్తారు. కాదంటే మీ బొమ్మకు విలువ లేదని అనుకోవద్దు. ముందుగా బొమ్మను మోసుకెళ్ళకండి, ఫోటోలు, మెడ మీది గుర్తు, మీ ఇంటికి ఎలా వచ్చిందో ఒక పేజీ రాసి పంపండి. ఆ పేజీకి ఇంకో ప్రతి తీసి బొమ్మతోనే ఉంచండి. ఎవరు కొన్నారు, ఎక్కడ, ఏ కాలంలో, మీరు చిన్నప్పుడు దాన్ని ఏ పేరుతో పిలిచేవారో కూడా రాయండి. పిల్లలు చాలాసార్లు వద్దనేది బొమ్మ ఎవరిదో తెలియకే. బొమ్మతో ఉన్న మీ పాత ఫోటో ఒకటి దొరికితే దాన్నీ ఆ కాగితానికి జతచేసి, ఈసారి పండక్కి అందరూ వచ్చినప్పుడు ఒకసారి చదివి వినిపించి, ఎవరికి కావాలో అప్పుడు అడగండి.